మోటారు ఆపేవాళ్ళు లేకపోతే: రాస్ ప్రోటీను కథ

(రేడియో ప్రసంగానికి అక్షర రూపం)



మీ పదో తరగతి సర్టిఫికెట్ ఈ మధ్య ఎప్పుడైనా తీసి చూశారా? అందులో గుర్తింపు కోసమని రెండు పుట్టుమచ్చలు రాసి ఉంటాయి. కుడి మోచేతి మీద ఒకటి, మెడ మీద ఒకటి, ఇలాగ. మాస్టారు "ఏదిరా రెండో మచ్చ?" అంటే చొక్కా చేతులు పైకి మడిచి వెతుక్కున్న రోజులు మనలో చాలామందికి గుర్తే. మచ్చ అంటే మనకి భయం లేదు. ఫలానా చోట ఉంటే అదృష్టం, ఫలానా చోట ఉంటే విదేశీ ప్రయాణం అని పెద్దవాళ్ళు ఫలితాలు కూడా చెబుతారు.

ఈ రోజు నేను చెప్పబోయే విషయం కూడా మచ్చలతోనే మొదలవుతుంది. మాకు బాగా దగ్గరైన ఒక కుటుంబం ఉంది. పేర్లు చెప్పను. విషయం మాత్రం నలుగురికీ చెప్పమని వాళ్ళే అన్నారు. వాళ్ళ పాపకి ఏడాది నిండే సరికి ఒంటి మీద లేత కాఫీ రంగు మచ్చలు వచ్చాయి. ఇండియా నుంచి వచ్చిన నాయనమ్మ గారు పాపకి నూనె రాసి స్నానం చేయిస్తూ లెక్కపెట్టారు, ఎనిమిది. మొదట మురిసిపోయారు. తర్వాత కోడలిని అడిగారు, "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు బయట తిరిగావా?" అని. ఆవిడ మనసులో కల్మషం ఏమీ లేదు. ఆవిడకి తెలిసిన శాస్త్రం అది.

తర్వాత పిల్లల డాక్టరు కూడా అవే మచ్చలు లెక్కపెట్టారు. ఆయన ఫలితం చెప్పలేదు. జెనెటిక్స్ వాళ్ళ దగ్గరికి పంపించారు. రక్తపరీక్ష అయ్యాక వచ్చిన కాగితం మీద "న్యూరోఫైబ్రోమటోసిస్ టైప్ 1" అని ఒక పేరు, కింద వివరాల్లో "రాస్" అని ఒక మాట ఉన్నాయి. ఆ రాత్రి పాప వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసింది. "అన్నయ్యా, నేను ఇంటర్నెట్లో చదివినకొద్దీ భయం వేస్తోంది. మీరు చదివి నాకు తెలుగులో చెప్పండి. ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పండి. ఇది నా వల్లేనా?" అంది.

నేను డాక్టర్ని కాను. సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్ని. ఎవరో రాసిన ప్రోగ్రాములో ఎక్కడ ఒక్క అక్షరం తప్పిందో వెతకడం నా ఉద్యోగం. ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు కోసం చదవడం మొదలుపెడితే, ఇది కూడా ఒక్క అక్షరం కథేనని తెలిసింది. పైగా ఇందులో మనవాళ్ళ పాత్ర కూడా ఉంది. ఆమెకి చెప్పిందే మీకూ చెబుతాను.

ముందు మనందరి ఇళ్ళలో జరిగే ఒక సంగతి. ఊళ్ళో ఇంటి మీద నీళ్ళ ట్యాంకు ఉంటుంది. కింద మోటారు. కరెంటు రాగానే ఎవరో ఒకరు మోటారు వేస్తారు. వేసినవాళ్ళు టీవీ ముందు కూర్చుని మర్చిపోతారు. ట్యాంకు నిండి నీళ్ళు సన్‌షేడ్ మీంచి కారి వీధిలోకి పోతుంటే, పక్కింటి ఆవిడ "మోటారు కట్టేయండమ్మా, నీళ్ళు పోతున్నాయి" అని అరుస్తుంది. అప్పుడు ఎవరో పరిగెత్తుకెళ్ళి ఆపుతారు. ఈ దృశ్యం గుర్తుంచుకోండి. మోటారు వేసేవాళ్ళు ఎంత ముఖ్యమో, ఆపేవాళ్ళు అంతే ముఖ్యం. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క మాటే.

మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఇలాంటి స్విచ్చిలు ఉన్నాయి. వాటిని జీటీపీ-ఏజ్ ప్రోటీనులు అంటారు. పేరు చూసి బెదిరిపోకండి, విడగొడితే సులువే. జీటీపీ అనేది ఒక చిన్న రసాయనం. దీనికి ఏటీపీ అని ఒక తోబుట్టువు ఉంది. ఏటీపీ మనందరం బళ్ళో చదువుకున్నదే, కణాలకి శక్తినిచ్చే ఇంధనం. దాన్ని మొదట కనిపెట్టినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. 1923లో ఆయన బోస్టన్ వచ్చారు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. ఏటీపీలో అడెనీన్ ఉన్నచోట జీటీపీలో గ్వానీన్ ఉంటుంది. అంతే తేడా. రెండింటికీ తోకలాగా మూడు ఫాస్ఫేట్లు ఉంటాయి. జీటీపీలో చివరి ఫాస్ఫేటు తెగిపోతే రెండు మిగులుతాయి. దాన్ని జీడీపీ అంటారు. చిదంబరం గారు ఒకప్పుడు బడ్జెట్‌లో చెప్పిన జీడీపీ కాదు లెండి.

జీటీపీని పట్టుకుని, దాని తోక తెంపే ప్రోటీను జీటీపీ-ఏజ్. చేతిలో జీటీపీ ఉన్నంతసేపూ అది ఆన్. తోక తెగి జీడీపీ అయిందా, ఆఫ్. మా కంప్యూటర్ల భాషలో చెప్పాలంటే ఒకటి, సున్నా. ఆన్‌లో ఉన్నప్పుడు దాని ఆకారం కొద్దిగా మారుతుంది. మారిన ఆకారాన్ని పక్క ప్రోటీనులు గుర్తుపట్టి, "పెరుగు", "విడిపో", "కదులు" లాంటి కబుర్లు లోపలికి మోసుకుపోతాయి.

ఈ స్విచ్చికి ఇద్దరు సహాయకులు ఉంటారు. ఒకరు మోటారు వేసేవాళ్ళు. చేతిలోని పాత జీడీపీని బయటికి తోసేస్తారు. కణంలో జీటీపీకి కొదవ లేదు కాబట్టి ఖాళీ అయిన చోట్లో వెంటనే ఒక జీటీపీ వచ్చి కూర్చుంటుంది. రెండో రకం మోటారు ఆపేవాళ్ళు. వీళ్ళకి శాస్త్రంలో పేరు గ్యాప్. స్విచ్చి తనంతట తాను ఆగుతుంది, కాదనను. కానీ వదిలేస్తే అందుకు పదుల నిమిషాలు పడుతుంది. గ్యాప్ వచ్చి చెయ్యి వేస్తే అదే పని సుమారు లక్ష రెట్లు వేగంగా అయిపోతుంది. చెయ్యి వేయడమంటే ఊరికే మాటవరసకి అనడం లేదు. 1997లో జర్మనీ శాస్త్రవేత్తలు ఈ రెండు ప్రోటీనులూ కలిసి ఉన్నప్పటి బొమ్మ తీశారు. అందులో గ్యాప్ నుంచి అర్జినిన్ అనే ఒక అమినో ఆమ్లం వేలులాగా ముందుకు చాచి, స్విచ్చి గూట్లోకి దూరి, తోక తెగడానికి సాయపడుతోంది. శాస్త్రవేత్తలు కూడా దాన్ని వేలు అనే పిలుస్తారు.

మనిషిలో ఇలాంటి చిన్న స్విచ్చిలు 150కి పైగా ఉన్నాయి. వీటన్నిటినీ రాస్ మహాకుటుంబం అంటారు. ఇందులో ఐదు శాఖలు. రాస్ శాఖ కణం పెరగాలా వద్దా అన్న సంగతి చూస్తుంది. రో శాఖ కణం ఆకారం, నడక చూస్తుంది. అరవైకి పైగా సభ్యులున్న రాబ్ శాఖ మన ఆర్టీసీ లాంటిది, కణం లోపల చిన్న చిన్న సంచులు ఎక్కడ బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి అన్నది దాని పని. ఆర్ఫ్ శాఖ ఆ సంచులు తయారయ్యే చోట పనిచేస్తుంది. రాన్ శాఖ కణకేంద్రకం గుమ్మం దగ్గర రాకపోకలు చూస్తుంది.

ఈ కుటుంబానికి ఆ పేరు ఎలా వచ్చిందంటే, ఎలకల వల్ల. 1964లో లండన్‌లో జెనిఫర్ హార్వే, 1967లో షికాగోలో వర్నర్ కర్స్‌టెన్, ఎలకల్లో సార్కోమా అనే కేన్సరు గడ్డలు తెప్పించే వైరస్సులని కనిపెట్టారు. ర్యాట్ సార్కోమా, అదే కుదించి రాస్. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ వైరస్సుల దగ్గరున్న జన్యువు వాటి సొంతం కాదు. మామూలు కణాల్లోంచి ఎత్తుకొచ్చుకున్నదే. ఆరోగ్యంగా ఉన్న మనిషి కణంలో కూడా అది ఉంటుంది, బుద్ధిగా పనిచేసుకుంటూ ఉంటుంది. మరి ఆరోగ్యవంతుడి రాస్‌కీ, కేన్సరు రోగి రాస్‌కీ తేడా ఏమిటి?

ఈ ప్రశ్నకి జవాబు దొరికిన చోట్లలో ఒకటి మేరీలాండ్ రాష్ట్రంలోని బెథెస్డా. వాషింగ్టన్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ళు రోజూ ఆ దారిన వెళుతూనే ఉంటారు. అక్కడి నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ప్రేమ్‌కుమార్ రెడ్డి గారు పనిచేస్తుండేవారు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి అమెరికా వచ్చినవారు. 1982 నవంబరులో నేచర్ పత్రికలో మరియానో బార్బాసిడ్ బృందం నుంచి ఒక పరిశోధనా పత్రం వచ్చింది. అందులో మొదటి పేరు రెడ్డి గారిదే. మూత్రాశయం కేన్సరు కణాల్లోని రాస్ జన్యువునీ, మామూలు రాస్ జన్యువునీ అక్షరం అక్షరం పోల్చి చూశారు. రాస్ ప్రోటీనులో 189 అమినో ఆమ్లాలు. ఒక్కోదానికి మూడు అక్షరాలు, అంటే 567 అక్షరాలు. కేన్సరుకి కారణమైన తేడా అందులో ఒకే ఒక్క అక్షరం! పన్నెండో మాటలో జీ-జీ-సీ అని ఉండాల్సిన చోట జీ-టీ-సీ అని ఉంది. మధ్య అక్షరం మారింది. దాంతో గ్లైసీన్ రావలసిన చోట వాలీన్ వచ్చింది. దాదాపు అదే సమయంలో ఎంఐటీలో రాబర్ట్ వైన్‌బర్గ్ బృందం, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో మైకేల్ విగ్లర్ బృందం కూడా ఇదే తేల్చాయి.

మన భాషలో చెబుతాను. "పలక" అని రాయబోయి మధ్యలో ఒక్క అక్షరం తప్పు రాస్తే "పడక" అవుతుంది. రాసినవాడికి అది చిన్న పొరపాటు. కానీ పిల్లవాడికి పలక బదులు పడక చేరుతుంది.

అయితే వాలీన్ వస్తే కొంప ఎందుకు మునుగుతుంది? గ్లైసీన్ అన్నిటికన్నా చిన్న అమినో ఆమ్లం. అక్కడ అంత చిన్నది ఉంటేనే గ్యాప్ వేలు దూరడానికి చోటు ఉంటుంది. వాలీన్ లావు. వేలు దూరదు. స్విచ్చి గూట్లో ఎవరో రాయి ఇరికించినట్టు అన్నమాట. పక్కింటావిడ ఎంత అరిచినా, ఇంట్లోవాళ్ళు ఎంత పరిగెత్తుకొచ్చినా మోటారు ఆగదు. కణానికి "పెరుగు, పెరుగు" అన్న కబురు వెళుతూనే ఉంటుంది. ఒక్క ఈ మార్పుతోనే కేన్సరు పూర్తిగా వచ్చేయదు, ఇంకా కొన్ని తోడవ్వాలి. కానీ చాలా కేన్సర్లలో ఇది ముఖ్యమైన మెట్టు. పాంక్రియాస్ కేన్సర్లలో సుమారు నూటికి తొంభైలో కె-రాస్ అనే అన్నదమ్ముడు ఇలా ఇరుక్కుని ఉంటుంది.

సరే, ఇప్పుడు పాప దగ్గరికి వద్దాం. వాళ్ళమ్మ కూడా నన్ను ఇక్కడే ఆపింది. "అంటే మా పాపకి కేన్సరా?" అని. కాదు. పాపలో రాస్ శుభ్రంగా ఉంది, ఒక్క అక్షరం కూడా తప్పలేదు. స్విచ్చి బాగానే ఉంది. కానీ ఆపేవాళ్ళు తక్కువయ్యారు.

న్యూరోఫైబ్రోమటోసిస్ టైప్ 1 కి కారణమైన జన్యువు 17వ క్రోమోజోము మీద ఉంది. 1990లో దాన్ని పట్టుకున్నారు. అది తయారుచేసే ప్రోటీను పేరు న్యూరోఫైబ్రోమిన్. అదేం చేస్తుందా అని చూస్తే, అది ఒక గ్యాప్ అని తేలింది. రాస్‌ని ఆపే చెయ్యి. మనందరికీ ఆ జన్యువు రెండు ప్రతులు ఉంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఈ పిల్లల్లో ఒక ప్రతి చెడిపోయి ఉంటుంది. కాబట్టి ఆపేవాళ్ళు సగమే. ఎక్కడైనా ఒక కణంలో రెండో ప్రతి కూడా పోతే అక్కడ అసలు ఆపేవాళ్ళే ఉండరు. నరాల వెంబడి గడ్డలు లేచేది అలాంటి చోట్లే. వాటిలో ఎక్కువ భాగం కేన్సరు గడ్డలు కావు, కానీ కొన్ని పెద్దవై ఇబ్బంది పెడతాయి. కొద్దిమందిలో కేన్సరుగా మారే అవకాశం కూడా ఉంటుంది. అందుకే డాక్టర్లు వదలకుండా చూస్తూ ఉంటారు.

ఈ జబ్బు అరుదేమీ కాదు. సుమారు 3000 మందిలో ఒకరికి ఉంటుంది. జాతి, దేశం, కులం తేడా లేదు. ఇంత పెద్ద తెలుగు సమాజంలో ఎన్ని ఇళ్ళలో ఉంటుందో మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు మెదడు సంగతి. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి, కొన్ని లెక్కల్లో అంతకన్నా ఎక్కువ మందికి, చదువులో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. తెలివితేటలు ఎక్కువ మందిలో మామూలు హద్దుల్లోనే ఉంటాయి. కానీ దృష్టి నిలవదు, బొమ్మ చూసి దూరాలు అంచనా వేయడం కష్టం, చదవడం, లెక్కలు నెమ్మది. గడ్డలకి కారణమైన స్విచ్చికీ, ఎక్కాలకీ ఏమిటి సంబంధం?

మన మెదడులో నాడీకణాలకి కొమ్మలుంటాయి. కొమ్మల మీద చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు చాలావరకు ఆ బుడిపెల దగ్గరే అందుతుంది. మనం కొత్త విషయం నేర్చుకున్నప్పుడు కొన్ని బుడిపెలు లావవుతాయి, వాటి బంధం గట్టిపడుతుంది. అలా గట్టిపడాలంటే అక్కడ రాస్ ఆన్ అవ్వాలి. 2008లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగంలో, ఒకే ఒక్క బుడిపెని ప్రేరేపించి, అందులో రాస్ వెలగడం సూక్ష్మదర్శినితో చూశారు. ఆ రాస్ కొన్ని నిమిషాల పాటు పనిచేసి, కొమ్మ వెంబడి సుమారు పది మైక్రాన్ల దూరం పాకి, ఇరుగుపొరుగు బుడిపెలు కూడా సులువుగా నేర్చుకునేలా చేసి, మళ్ళీ ఆగిపోయింది. చూడండి, ఇక్కడ ఆన్ అవడం ఎంత అవసరమో, వేళకి ఆగడం కూడా అంతే అవసరం. ఊరంతా ఒకేసారి మోటార్లు వేస్తే ఎవరి ట్యాంకూ నిండదు.

అందుకని ఆపేవాళ్ళు తక్కువైతే మెదడు మరీ జోరుగా పనిచేస్తుందేమో అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. జరిగేది వేరు. కాలిఫోర్నియాలో యూసీఎల్ఏలో ఆల్సినో సిల్వా బృందం, ఈ జన్యువు ఒక ప్రతి పోయిన ఎలకల మీద చేసిన పరిశోధన 2002లో ప్రచురించింది. ఆ ఎలకలు దారులు నేర్చుకోవడంలో వెనకబడ్డాయి. రాస్ జోరుని కొద్దిగా తగ్గిస్తే మామూలు ఎలకల్లాగే నేర్చుకున్నాయి. కారణం ఏమిటంటే, మెదడులో ఇతర కణాలని అదుపులో పెట్టే కణాలు కొన్ని ఉంటాయి. రాస్ ఎక్కువైతే ఆ కణాలు గాబా అనే రసాయనాన్ని మరీ ఎక్కువగా వదులుతాయి. క్లాసులో అల్లరి ఆపడానికి పెట్టిన లీడరు మరీ గట్టిగా గద్దిస్తుంటే, జవాబు తెలిసిన పిల్ల కూడా నోరు విప్పదు. ఇదీ అంతే.

ఈ మాట చెప్పినప్పుడు పాప వాళ్ళమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "దానికి వచ్చు అన్నయ్యా, ఇంట్లో అడిగితే చెబుతుంది, స్కూల్లో చెప్పదు, మొండితనం అనుకున్నాను" అంది చివరికి. ఒక ఎలకల ప్రయోగం పెట్టుకుని మన పాప గురించి తీర్పు చెప్పలేం. కానీ మొండితనం, బద్ధకం అన్న మాటలు నోటికి వచ్చే ముందు ఒక్కసారి ఆగి ఆలోచించడానికి ఇది చాలు.

ఈ కుటుంబంలో మిగతా శాఖలు కూడా మెదడులో కీలకమైనవే. సిన్‌గ్యాప్ అని ఇంకో ఆపే ప్రోటీను సరిగ్గా ఆ బుడిపెల్లోనే ఉంటుంది. 1998లో దాన్ని గుర్తించారు. దాని జన్యువు ఒక ప్రతి చెడితే పిల్లల్లో బుద్ధిమాంద్యం, మూర్ఛలు వస్తాయని 2009లో తేలింది. బుడిపెల ఆకారం చూసే రో శాఖని ఆపే ఆలిగోఫ్రెనిన్ అనే ప్రోటీను పోతే మగపిల్లల్లో బుద్ధిమాంద్యం వస్తుందని 1998లోనే తెలిసింది. పార్కిన్సన్స్ జబ్బులో కొన్ని కుటుంబాల్లో కనిపించే ఎల్ఆర్ఆర్‌కే2 అనే ప్రోటీను, సంచుల రవాణా చూసే రాబ్ స్విచ్చిల మీద పనిచేస్తుందని 2016లో చూపించారు. జబ్బుల పేర్లు వేరు, వయసులు వేరు. మూలాన ఉన్నది మాత్రం ఇదే స్విచ్చి కుటుంబం, దాని అదుపు తప్పడం.

ఇక మందులు. ఇందులో మంచీ ఉంది, నిరాశా ఉంది, రెండూ చెబుతాను. రాస్ ప్రోటీను నున్నటి గుండ్రాయి లాంటిది. మందు అతుక్కోవడానికి పట్టు దొరకదు. అందుకే 1982 నుంచి చాలా ఏళ్ళు దీనికి మందే లేదన్నారు. 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కెవన్ షోకత్ బృందం, కె-రాస్‌లో ఒక రకం మార్పు ఉన్నప్పుడు మాత్రం ఒక చిన్న గాడి ఉందని కనిపెట్టింది. అదే దారిలో సోటొరాసిబ్ అనే మందుకి 2021 మే నెలలో ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, ఒక రకం ఊపిరితిత్తుల కేన్సరుకి. ఆ అక్షరం దొరికిన 39 ఏళ్ళకి! ప్రేమ్‌కుమార్ రెడ్డి గారు కూడా ఈ దారి వదల్లేదు. ఆయన ప్రయోగశాల నుంచి వచ్చిన రిగోసెర్టిబ్ అనే మందు రాస్ కబురు ముందుకు పోకుండా అడ్డుకుంటుందని 2016లో ఆయన బృందం ప్రచురించింది. కానీ ఒక రక్తజబ్బు మీద చేసిన పెద్ద పరీక్షలో ఆ మందు అనుకున్న ఫలితం ఇవ్వలేదని 2020లో తేలింది. సైన్సులో ఇది మామూలే. అక్షరం కనిపెట్టడం వేరు, దాన్ని దిద్దడం వేరు.

పాప లాంటి పిల్లల్లో శస్త్రచికిత్సతో తీయలేని గడ్డలకి 2020 ఏప్రిల్‌లో సెల్యుమెటినిబ్ అనే మందుకి అనుమతి వచ్చింది. అది రాస్‌ని ముట్టుకోదు, రాస్ తర్వాత కబురు మోసే మెక్ అనే ప్రోటీనుని ఆపుతుంది. పరీక్షలో పాల్గొన్న 50 మంది పిల్లల్లో సుమారు మూడింట రెండు వంతుల మందికి గడ్డలు కనీసం 20 శాతం తగ్గాయి. ఆ పరీక్షకి నాయకత్వం వహించింది కూడా బెథెస్డాలోని ఆ నేషనల్ కేన్సర్ ఇన్‌స్టిట్యూటే. 2025లో మిర్డామెటినిబ్ అని ఇంకో మందుకి పిల్లలకీ పెద్దలకీ కూడా అనుమతి వచ్చింది. చదువు ఇబ్బందులకి మాత్రం ఇంతవరకూ మందు లేదు. ఎలకల్లో లోవాస్టాటిన్ అనే కొలెస్టరాల్ మందు పనిచేస్తే ఎంతో ఆశపడి పిల్లల మీద అలాంటి మందులు పరీక్షించారు. 2008లో ఒకసారి, 2013లో ఒకసారి సిమ్వాస్టాటిన్, 2016లో లోవాస్టాటిన్, ఏదీ పనిచేయలేదు. కాబట్టి ఎవరైనా మందు ఉందని చెప్పి డబ్బు అడిగితే నమ్మకండి.

మరి మనం చేయగలిగింది ఏమిటి? చాలానే ఉంది.

మొదటిది, మచ్చలు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు మచ్చలు ఎంతోమందికి ఉంటాయి, భయం అక్కర్లేదు. చిన్నపిల్లల్లో అర సెంటీమీటరు కన్నా పెద్దవైన లేత కాఫీ రంగు మచ్చలు ఆరు, అంతకన్నా ఎక్కువ ఉంటే డాక్టరుకి చూపించండి. మన పిల్లల చామనఛాయలో ఇవి అంత తేలిగ్గా కనబడవు, మంచి వెలుతురులో చూడాలి. ఆరు ఉన్నంత మాత్రాన ఈ జబ్బేనని తేలిపోదు. దీన్నే పోలిన, ఇంకా తేలికైన లెజియస్ సిండ్రోమ్ కూడా ఉంది. ఏదో తేల్చేది డాక్టరే.

రెండోది, ఇదేనని తేలితే ఏటా కంటి పరీక్ష, బీపీ మర్చిపోకండి. చిన్న వయసులో కంటి నరం మీద గడ్డ వచ్చే అవకాశం ఉంది. పిల్లలు చూపు తగ్గిందని చెప్పరు. ఇండియాలో బంధువుల పిల్లలకైతే హైదరాబాదు నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది.

మూడోది, స్కూలు. ఇక్కడ అమెరికాలో పబ్లిక్ స్కూలుకి మీరు ఒక ఉత్తరం రాసి, మా పిల్లకి పరీక్షలు చేయండి అని అడగవచ్చు. చేస్తే దాని ఖర్చు మీది కాదు. 1975 నాటి చట్టం వల్ల ఐఈపీ, 1973 నాటి చట్టం వల్ల 504 ప్లాన్ అని రెండు రకాల సదుపాయాలు ఉన్నాయి. పరీక్షలో అదనపు సమయం, ముందు వరసలో సీటు, పాఠం చిన్న చిన్న ముక్కలుగా చెప్పడం లాంటివి. మూడేళ్ళ లోపు పిల్లలకి వేరే కార్యక్రమం ఉంది. మనవాళ్ళు ఇది అడగడానికి సిగ్గుపడతారు. "రికార్డులో పడిపోతుంది, రేపు సంబంధాలు రావు" అంటారు. స్పెల్లింగ్ బీలో గెలిచిన పిల్లల ఫొటోలు పక్కన పెట్టుకుని మన పిల్లని తిడతాం. ఆ తిట్లు ఏ రికార్డులోనూ ఎక్కవు, కానీ పిల్ల మనసులో ఎక్కుతాయి.

చివరిగా, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న. "ఇది నా వల్లేనా?"

ఈ జబ్బు ఉన్నవాళ్ళలో సుమారు సగం మందికి తల్లికీ లేదు, తండ్రికీ లేదు. అండంలోనో, బీజకణంలోనో జన్యువుని నకలు తీసేటప్పుడు ఒక తప్పు దొర్లుతుంది. ఇందులో న్యూరోఫైబ్రోమిన్ చాలా పొడుగు ప్రోటీను, 2800కి పైగా అమినో ఆమ్లాలు. అంత పొడుగు కాగితం నకలు తీస్తే ఎక్కడో ఒక చోట తప్పు పడదా? మిగతా సగం మందికి తల్లి నుంచో, తండ్రి నుంచో వస్తుంది. అప్పుడైనా వాళ్ళు కోరి ఇచ్చింది కాదు. అందుకే తల్లిదండ్రులని కూడా ఒకసారి డాక్టర్లు చూస్తారు, జబ్బు ఉన్నవాళ్ళకి పుట్టే ప్రతి బిడ్డకీ రావడానికి సగం అవకాశం ఉంటుంది కాబట్టి. పాప విషయంలో ఇద్దరినీ చూశారు, ఎవరికీ లేదు. గ్రహణానికీ, తిన్నదానికీ, తిరిగినదానికీ దీంతో ఏ సంబంధమూ లేదు.

ఆ మాట ఫోన్‌లో చెప్పాక, స్పీకర్‌లో వింటున్న నాయనమ్మ గారు అందుకున్నారు. "అయితే నేను కోడలిని ఊరికే ఆడిపోసుకున్నానన్నమాట" అన్నారు. ఆ ఇంట్లో ఆ రోజు జరిగిన వైద్యం అదే.

పాప ఇప్పుడు రెండో తరగతి. ఏటా కంటి డాక్టరు దగ్గరికి వెళుతుంది. స్కూల్లో 504 ప్లాన్ ఉంది. ఎక్కాలు ఇంకా నెమ్మదే. నాయనమ్మ గారు స్కైప్‌కి బదులు ఇప్పుడు వాట్సాప్‌లో రోజూ సాయంత్రం దానితో పదిహేను నిమిషాలు పాటగా పాడిస్తూ ఎక్కాలు చెప్పిస్తారు. తప్పు చెబితే గద్దించరు. మళ్ళీ మొదటి నుంచి పాడతారు.

మీ ఇంట్లో గానీ, మీకు తెలిసిన ఇంట్లో గానీ ఇలాంటి పాపో బాబో ఉంటే ఈ కబురు వాళ్ళకి చేరవేయండి.